"ఫోన్లో డాక్టరు నా కాలెలా నొక్కి సూస్తాడు?": మన ఊళ్లలో ఏ వైద్యానికి ఏ దారి

మా అమ్మానాన్నలు సోంపేట దగ్గర పల్లెలో ఉంటారు. నేను విజయనగరంలో, తమ్ముడు హైదరాబాద్‌లో. శ్రీకాకుళం జిల్లా తీరంలోని మా ఉద్దానంలో చాలా ఇళ్లు ఇలాగే ఉన్నాయి. కొబ్బరి తోటల మధ్య పెద్దవాళ్లు, పనికోసం దూరం వెళ్లిన పిల్లలు, ఇద్దరినీ కలిపే ఒక ఫోను. నాన్నకు బీపీ పాతదే. రెండేళ్ల కిందట రక్త పరీక్షలో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా కాస్త ఎక్కువ వచ్చింది. అప్పటినుంచీ ఆయన్ని ఎవరికి చూపించాలి, ఎలా చూపించాలి అన్న మాట లేకుండా మా ఇంట్లో నెల గడవదు.

వీడియో కాల్‌లో డాక్టర్‌తో మాట్లాడదామని మొదటిసారి అన్నప్పుడు నాన్న వెంటనే అడిగారు. "ఫోన్లో డాక్టరు నా కాలెలా నొక్కి సూస్తాడు తల్లీ?"

కాలు వాచినప్పుడు డాక్టర్లు వేలితో నొక్కి చూస్తారు. గుంట పడిందా, పడితే ఎంతసేపటికి నిండింది అన్నదాన్ని బట్టి ఒంట్లో నీరు చేరిందో లేదో తెలుస్తుంది. కెమెరాకి ఆ పని చేతకాదు. నాన్న కొత్తదానికి భయపడుతున్నారని ఆ రోజు అనుకున్నాను. ఇప్పుడు మాత్రం ఏ దారిలో వెళ్లాలో తేల్చుకునే ముందు నేను వేసుకునే మొదటి ప్రశ్న ఆయనదే. ఈ జబ్బుకి ఎవరైనా చేత్తో ముట్టుకుని చూడాలా, రక్తం తీయాలా, మాట్లాడితే చాలా?

మా ప్రాంతంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్నో ఏళ్లుగా ఉంది. షుగరు, బీపీ ఏదీ లేనివాళ్లకు కూడా వస్తోంది. ఎందుకొస్తోందో కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. దీనిలో ఉన్న ప్రమాదం ఏమిటంటే మొదట్లో మనిషికి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. చెట్టెక్కే మనిషి చెట్టెక్కుతూనే ఉంటాడు. అలాంటి మనిషి ఎంత మంచి డాక్టర్‌తో ఎంత సేపు వీడియోలో మాట్లాడినా "బాగానే ఉన్నాను సార్" అనే చెబుతాడు. ఆ జబ్బు ఉందో లేదో చెప్పేది రక్త పరీక్ష, మూత్ర పరీక్ష. కాబట్టి ఉద్దానం మనిషికి నా మొదటి సలహా: యాప్ తెరవడానికంటే ముందు పరీక్ష చేయించండి. రిపోర్టు చేతిలో ఉన్న తర్వాత ఫోన్ నిజంగా పనికొస్తుంది.

ఊరి క్లినిక్‌లో వీడియో కాల్

ఈ-సంజీవని గురించి చాలామందికి సగమే తెలుసు. కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన ఉచిత టెలీ వైద్య సేవ ఇది. దీనిలో రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి, మన ఫోన్లోంచి మనమే డాక్టర్‌తో మాట్లాడటం. రెండోది, ఊళ్లో ఉన్న విలేజ్ హెల్త్ క్లినిక్‌కి వెళితే అక్కడి సీహెచ్‌వో, అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, వీడియోలో డాక్టర్‌ని కలపడం. ఆ క్లినిక్‌నే ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అంటున్నారు. సీహెచ్‌వోని కొన్ని ఊళ్లలో ఎంఎల్‌హెచ్‌పీ అనే పిలుస్తారు, మా అమ్మకి మాత్రం ఆవిడ "నర్సమ్మ".

రెండూ ఉచితమే, రెండిట్లోనూ అవతల డాక్టరే. అయినా తేడా చాలా పెద్దది. క్లినిక్‌లో రోగి పక్కన శిక్షణ ఉన్న మనిషి ఉంటుంది. బీపీ చూస్తుంది, వేలిమీద చుక్క తీసి షుగరు చూస్తుంది, నాన్న కాలు నొక్కి "వాపు చీలమండ దాకా ఉంది సార్" అని డాక్టర్‌కి చెబుతుంది. నాన్న అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. చెయ్యి ఆవిడది, చదువు అవతలి డాక్టర్‌ది.

ఇంకో సంగతి కూడా ఉంది, బయటివాళ్లు దీన్ని పట్టించుకోరు. మన పెద్దవాళ్లు బాధని చెప్పే తీరు వేరు. "గుండెల్లో ఏటో ఇదిగా ఉంది", "ఒళ్లంతా లాగేస్తంది" అంటారు. అది మంటా, నొప్పా, దడా, ఆయాసమా అన్నది విడదీసి అడగాలి. మా యాస తెలిసిన నర్సమ్మ ఆ పని అలవోకగా చేస్తుంది. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇళ్లు కూడా చాలా ఉన్నాయి, అక్కడ ఈ సాయం మరింత అవసరం.

ఇబ్బందులూ ఉన్నాయి. సీహెచ్‌వో మీటింగ్‌కి వెళ్లిన రోజు క్లినిక్ ఖాళీ. సిగ్నల్ సరిగ్గా లేని రోజు బొమ్మ ఆగిపోయి మాట మాత్రమే వస్తుంది. స్పెషలిస్ట్ కావాలంటే కొంతసేపు కూర్చోవాలి. అందుకే ఆశా కార్యకర్తకి ముందురోజే ఫోన్ చేసి ఎవరుంటారో కనుక్కుని వెళ్లమని అమ్మకి చెప్పాను. 104 బండి డాక్టర్‌తో ఊరికి వచ్చే రోజు కూడా వాళ్లకే ముందు తెలుస్తుంది. ఆ రోజైతే వీడియో అక్కర్లేదు, డాక్టరే ఎదురుగా ఉంటారు.

బీపీ, షుగరు పాతబడినవాళ్లకు, మందు మార్చాలా అని అడగాల్సినవాళ్లకు, చర్మం మీద మచ్చ, దురద లాంటివి చూపించాల్సినవాళ్లకు నన్నడిగితే మొదటి స్థానం ఈ దారికే. ఫోన్ రాని పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్న ఇంటికైతే రెండో ఆలోచనే లేదు.

ఇంట్లోంచి యాప్‌లో

సొంత ఫోన్లో ఈ-సంజీవని తెరిస్తే మొబైల్ నంబరు, ఓటీపీ, వివరాలు, టోకెన్, ఆ తర్వాత డాక్టర్. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే సులువే. విజయనగరంలో నాకు జలుబు ముదిరినప్పుడు వాడాను, బాగానే ఉంది. ఒక్కటే లోటు, ఈసారి దొరికిన డాక్టరే వచ్చేసారి దొరకాలని లేదు. ప్రతిసారీ కథ మొదటినుంచి చెప్పాలి. నెలల తరబడి సాగే జబ్బుకి అది పెద్ద లోటే.

ప్రైవేటు యాప్‌లలో డాక్టర్ని మనమే ఎంచుకోవచ్చు. రాత్రి పదకొండుకైనా దొరుకుతారు. నగరాల్లో తప్ప లేని స్పెషలిస్టులు కూడా ఉంటారు. డబ్బు ఖర్చవుతుంది, అయినా విశాఖ వెళ్లి రావడంతో పోలిస్తే తక్కువే. ఇంత మంచి చెప్పాక, మా ఇంట్లో జరిగింది కూడా చెప్పాలి.

ఒక వేసవిలో నాన్నకి నడుము నొప్పి పట్టుకుంది. తమ్ముడు హైదరాబాద్ నుంచి ఒక యాప్‌లో బుక్ చేశాడు. కాల్ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. డాక్టర్ హిందీ, ఇంగ్లిష్ కలిపి మాట్లాడారు. నాన్న "ఆఁ, ఆఁ" అన్నారు. నొప్పి మాత్ర రాసిచ్చారు. కిడ్నీ సంగతి ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. వారం రోజులు వేసుకున్నాక పీహెచ్‌సీ డాక్టర్ ఆ చీటీ చూసి మాత్ర వెంటనే ఆపించారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు అసలే బలహీనంగా ఉన్న కిడ్నీని మరింత దెబ్బతీస్తాయి. ఆ వారం రోజుల టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. మళ్లీ రక్త పరీక్ష చేయించి, రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. అదృష్టం కొద్దీ విలువ పెద్దగా పెరగలేదు.

యాప్‌లు వాడొద్దని ఇందువల్ల అనను. వాడేటప్పుడు మొదటి వాక్యం మనదే కావాలి. "మాది ఉద్దానం, మా నాన్న క్రియాటినిన్ ఇంత, ఈ మందులు వాడుతున్నారు" అని డాక్టర్ అడక్కముందే చెప్పండి. రిపోర్టు ముందే అప్‌లోడ్ చేయండి. తెలుగు మాట్లాడే డాక్టర్నే ఎంచుకోండి, స్టార్‌లు ఒకటి తక్కువున్నా ఫరవాలేదు.

రూల్స్ ఏమంటున్నాయి

2020 మార్చి 25న టెలీ మెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. వాటిలో మనకి పనికొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. వీడియోలో మొదటిసారి చూసిన రోగికి డాక్టర్ అన్ని మందులూ రాయకూడదు. కొన్ని మందులు, అంతకుముందు నేరుగా చూసిన జబ్బుకి కొనసాగింపుగా మాత్రమే రాయాలి. మత్తు మందుల జాబితాలో ఉన్నవి అసలు రాయకూడదు. కొనసాగింపు అంటే, అదే డాక్టర్ అదే జబ్బుకి గత ఆరు నెలల్లో రోగిని ఎదురుగా చూసి ఉండాలి.

ఈ ఆరు నెలల లెక్క నాకు బాగా నచ్చింది. మా ఇంట్లో దాన్నే పద్ధతిగా పెట్టుకున్నాం. ఆరు నెలలకు ఒకసారైనా నాన్న డాక్టర్ ముందు కూర్చోవాలి, మధ్యలో వచ్చేవి ఫోన్లో.

చీటీ మీద డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అది లేని చీటీతో మందులు కొనకండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ మార్గదర్శకాల్లో డాక్టర్ని "ఆర్‌ఎంపీ" అని రాశారు, అంటే రిజిస్టర్ అయిన వైద్యుడు. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే అర్థం వేరే, సైకిల్ మీద సంచీతో వచ్చి సూది వేసే ఆయన. ఎవరైనా "ఆర్‌ఎంపీ ఆన్‌లైన్‌లో చూస్తారు" అంటే ఏ ఆర్‌ఎంపీయో అడగండి.

దూరాన ఉన్న పిల్లలకు ఇంకో మాట. అమ్మ సోంపేటలో ఉంటే, ఆవిడ లేకుండా కొడుకు హైదరాబాద్ నుంచి డాక్టర్‌తో మాట్లాడేసి చీటీ తీసుకోవడం సరైన పద్ధతి కాదు. రోగి పక్కన ఉండాలి. లేకపోతే ఆవిడ తరఫున మాట్లాడే అనుమతి రాతపూర్వకంగానో, బంధుత్వం రుజువుతోనో, అంతకుముందు డాక్టర్ దగ్గర ఆవిడే పరిచయం చేసో ఉండాలి. అందుకే మేము ముగ్గుర్నీ కలిపి కాన్ఫరెన్స్ కాల్ పెట్టమని అడుగుతాం. చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. అమ్మ నోట్లోంచి వచ్చే మాట వేరు, అమ్మ బాధ గురించి మనం చెప్పే మాట వేరు. ఆ కాల్స్‌లో నాన్న రాత్రిళ్లు మూడుసార్లు మూత్రానికి లేస్తున్నారని నాకు తెలిసింది. అన్నేళ్లలో నాతో ఎప్పుడూ అనలేదు.

తెలిసిన డాక్టర్‌కి వాట్సాప్ చేయడం గురించి క్లుప్తంగా. ఇప్పటికే చూస్తున్న డాక్టర్ "రిపోర్టు పంపండి" అంటే అంతకంటే మేలు లేదు. ఊరికే తెలిసినాయన, బంధువుల అబ్బాయి, మెడిసిన్ చదువుతున్న పిల్ల అయితే సలహా అడగండి, మందు రాయించుకోకండి. ఒకసారి నేను పంపిన ఫోటోలో కింది వరుస కట్ అయింది, అసలు చూడాల్సిన విలువ ఆ వరుసలోనే ఉంది. అప్పటినుంచి ల్యాబ్‌వాళ్లని పీడీఎఫ్ అడిగి అదే పంపుతున్నాను.

బస్సెక్కాల్సిన రోజులు

కొన్నిటికి ఫోన్ తీయడం అంటే సమయం పోగొట్టుకోవడమే. ఛాతీలో నొప్పి, బరువు, చెమటలు. మూతి ఒక వైపుకి పోవడం, మాట తడబడటం, చెయ్యి కాలు పడిపోవడం. పాము కాటు. గర్భిణికి రక్తస్రావం, ఫిట్స్. పసిబిడ్డ పాలు తాగకుండా మగతగా ఉండటం. వీటికి టోకెన్ తీసుకోకండి, 108కి చేయండి. పక్షవాతంలో రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. మందస నుంచో కంచిలి నుంచో బయలుదేరేవాళ్లకి ఆ నాలుగున్నర గంటల్లో దారికే ఎంత పోతుందో మనకి తెలుసు. యూట్యూబ్‌లో వెతుకుతూ అరగంట కూర్చునే వీలు లేదు.

అత్యవసరం కాకపోయినా నేరుగా వెళ్లాల్సినవి ఉన్నాయి. కాలు వాపు కొత్తగా వస్తే, మూత్రంలో నురుగు కనిపిస్తే, బరువు కారణం లేకుండా తగ్గుతుంటే, రొమ్ములో గడ్డ చేతికి తగిలితే, దగ్గు రెండు వారాలు దాటితే వెళ్లండి. కిడ్నీకి ఇప్పుడు విశాఖ దాకా పోనక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ ప్రారంభమయ్యాయి. శ్రీకాకుళంలో, విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి.

ఖర్చు లెక్క కూడా మారింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అమ్మని చూపించాలంటే నేనే తోడు వెళ్తే ఇద్దరికీ చార్జీ లేదు. నాన్నకైతే టికెట్, దానికి తోడు ఒక రోజు పని పోతుంది. వీడియో కాల్ చవకా, ప్రయాణం చవకా అన్నది ఇంటింటికీ వేరు. కూలి పోయే రోజుని లెక్కలో వేయకుండా ఎవరూ సలహా ఇవ్వకూడదు.

ఒక మధ్యేమార్గం మాకు బాగా కుదిరింది. పరీక్షలకు సోంపేట వెళతారు. రిపోర్టు వచ్చాక దాన్ని చూపించడానికి మళ్లీ బస్సెక్కరు, ఊరి క్లినిక్ నుంచి వీడియోలో చూపిస్తారు. రెండు ప్రయాణాలు ఒకటయ్యాయి. విలువ మారితేనే పలాస. అన్నిసార్లూ ఒకే ల్యాబ్‌లో చేయించడం మంచిది, పాతదానితో పోల్చి చూసినప్పుడు తేడా నమ్మదగ్గదిగా ఉంటుంది.

ఆభా నంబరా, కాగితాల సంచా

ఆభా అంటే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో భాగం. మన ఊళ్లలో చాలామందికి ఏఎన్ఎం, ఆశాలే ఆధార్‌తో చేసి ఇచ్చారు. కానీ అదేమిటో చాలామందికి తెలియదు. మా ఊళ్లో ఒకాయన ఆ కార్డు పట్టుకుని ఆపరేషన్‌కి వెళ్లారు, డబ్బు కట్టనక్కర్లేదు అనుకుని. ఆభా డబ్బు కట్టదు. అది రిపోర్టులని ఒకచోట చూపించే తాళంచెవి మాత్రమే. ఆపరేషన్ ఖర్చు చూసేవి ఆయుష్మాన్ కార్డు, ఎన్టీఆర్ వైద్య సేవ. రెండోది పాత ఆరోగ్యశ్రీయే. దాని సంగతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడగాలి.

ఆభా వల్ల వెంటనే కనిపించే లాభం, ఓపీ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వివరాలు వాటంతట అవే వెళ్లి టోకెన్ వస్తుంది. ఆ సౌకర్యం ఉన్న ఆసుపత్రుల్లో చీటీ క్యూ తప్పుతుంది. రిపోర్టులు చూడాలంటే ఆసుపత్రి మన అనుమతి అడగాలి, ఇచ్చిన అనుమతిని మనం వెనక్కి తీసుకోవచ్చు. ఆభా తీసుకోవడం తప్పనిసరి కాదు. వద్దనుకున్నవాళ్లకు వైద్యం ఆగదు.

అయినా మా ఇంట్లో కాగితాల సంచి అలాగే ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మీదికి వచ్చింది. కొబ్బరి చెట్లు వరసగా పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, టవర్లు లేవు, ఫోన్లు నల్లగా పడి ఉన్నాయి. ఆ రోజుల్లో ఎవరికి ఏ మందు వాడుతున్నారో చెప్పింది ప్లాస్టిక్ కవర్లో మిగిలిన చీటీలే. తీరంలో ఉండేవాళ్లం కాబట్టి చెబుతున్నాను. చివరి మందుల చీటీ, చివరి రక్త పరీక్ష, రెండు కాగితాలు తడవని కవర్లో పెట్టి తలుపు దగ్గర ఉంచండి. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లైతే ఏ రోజు, ఎక్కడ అన్నది కూడా రాసి పెట్టండి. మిగతా పాత రిపోర్టులన్నీ ఆభాలోనో ఫోన్లోనో ఉన్నా చాలు.

మందులు ఎక్కడ కొనాలి

బీపీ, షుగరు మాత్రలు పీహెచ్‌సీలో, ఊరి క్లినిక్‌లో ఉచితంగా దొరుకుతున్నప్పుడు ఆన్‌లైన్‌లో కొనడం ఎందుకో నాకు అర్థం కాదు. అక్కడ లేనివి జన్ ఔషధి దుకాణంలో చూడండి. దగ్గర్లో ఎక్కడుందో, ఏ మందు ధర ఎంతో జన్ ఔషధి సుగమ్ యాప్‌లో కనిపిస్తుంది. ఆన్‌లైన్ మందుల దుకాణం పనికొచ్చేది, మన ఊళ్లలో అరుదుగా దొరికే మందుకి. చీటీ అడక్కుండా పంపే చోట మాత్రం కొనకండి.

ఇన్సులిన్‌ని కొరియర్‌లో తెప్పించవద్దు. అది వాడేదాకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో డెలివరీ అబ్బాయి బండి వెనక పెట్టెలో ఎంత వేడి ఉంటుందో చెప్పక్కర్లేదు. పాడైన ఇన్సులిన్ చూడటానికి మామూలుగానే ఉండొచ్చు, షుగరు మాత్రం తగ్గదు. ఫ్రిజ్ ఉన్న తెలిసిన దుకాణంలో కొనండి.

ఇంటికి కొనే పరికరాల్లో నేను డబ్బు పెట్టమనేది ఒక్కదానికే, జబ్బకి పట్టీ కట్టే బీపీ మిషన్‌కి. మణికట్టుకి కట్టేది వద్దు, చేతి గడియారంలో వచ్చే బీపీని నమ్మి మందు మార్చవద్దు. అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. రెండుసార్లు చూసి రాసుకోవాలి. అలా పది రోజులు రాసిన కాగితం వీడియో కాల్‌లో డాక్టర్‌కి చూపిస్తే, ఆ కాల్ విలువే మారిపోతుంది. గ్లూకోమీటర్ ఉన్నవాళ్లు చెయ్యి కడుక్కుని ఆరాకే చుక్క తీయండి. మామిడిపండు తిన్న వేలితో తీస్తే లేని షుగరు కూడా చూపిస్తుంది.

మనసు బాగోలేనప్పుడు

దీనికి మాత్రం ఫోనే ముందు అంటాను. ఊళ్లో ఒక వీధి, ఒక క్లినిక్, అందరికీ అందరూ తెలుసు. నిద్ర పట్టడం లేదని, బతకాలని లేదని నర్సమ్మ ముందు చెప్పడానికి ఎవరికైనా నోరు రాదు. వలస వెళ్లిన మొగుడి కోసం ఎదురుచూసే ఇల్లాలు, డయాలసిస్ మొదలైన మనిషి, పరీక్ష తప్పిన పిల్లాడు, వీళ్ల బాధ బయటికి రాదు. ఇలాంటి బాధ చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలీ మానస్, నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ, డబ్బు లేకుండా, తెలుగులో మాట్లాడతారు. మామూలు బటన్ ఫోన్ చాలు, నెట్ అక్కర్లేదు. అవసరమైతే పైస్థాయి డాక్టర్‌కి కలుపుతారు. ఈ జాబితాలో ఇంత తేలిగ్గా అందేది ఇంకోటి లేదు, ఇంత తక్కువమందికి తెలిసినదీ మా చుట్టుపక్కల ఇదే.

ప్రాణం తీసుకునే ప్రయత్నం చేసిన మనిషి, పురుగుల మందు తాగిన మనిషి ఎదురుగా ఉంటే అప్పుడు 14416 కాదు, 108.

గూగుల్, యూట్యూబ్, ఆసుపత్రి నంబర్లు

ఆసుపత్రి ఫోన్ నంబరు గూగుల్‌లో వెతికి చేస్తే మోసగాళ్లకి తగలడం ఇప్పుడు మామూలైంది. అపాయింట్‌మెంట్ కోసం అయిదో పదో రూపాయలు కట్టమని లింక్ పంపుతారు, నొక్కితే ఖాతా ఖాళీ. వాట్సాప్‌లో ఫైల్ పంపి ఇన్‌స్టాల్ చేయమన్నా అంతే. పాత చీటీ మీద, బిల్లు మీద అచ్చయిన నంబరుకే చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే వీలు అంత ఉంటుంది.

యూట్యూబ్ వీడియోల విషయంలో నాకు ఒక్క భయమే ఉంది, కిడ్నీకి ఆకు పసరు, రాళ్లు కరిగించే పొడి, క్రియాటినిన్ వారంలో దించే కషాయం. జబ్బు పడ్డ ఇంట్లో ఆశ ఎక్కువ ఉంటుంది, ఆ ఆశ మీదే వాళ్ల వ్యాపారం. మా పక్కింటి మామయ్య డాక్టర్ ఇచ్చిన మందులు ఆపేసి మూడు నెలలు అలాంటి పొడి తాగారు. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నారు. మందు ఆపకుండా ఉంటే ఇంకెన్నాళ్లు ఆగేదో ఎవరూ చెప్పలేరు గానీ, అత్త ఆ మూడు నెలల గురించే మాట్లాడుతుంది. ఏ వీడియో చూసినా చూడండి, రాసిన మందు ఆపే ముందు మాత్రం క్లినిక్‌కి వెళ్లి అడగండి.

ఇప్పుడు మా ఇంట్లో గోడ క్యాలెండర్ మీద 108, 14416, 1930, ఆశా నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఉన్నాయి. బీపీ లెక్క అమ్మ రాస్తుంది. పోయిన నెల వీడియో కాల్‌లో డాక్టర్ మాట్లాడుతుంటే నాన్న తనంతట తానే పంచె పైకి జరిపి, కాలు నర్సమ్మ వైపు చాపి, "నువ్వు నొక్కి సూసి ఆయనకి సెప్పమ్మా" అన్నారట. గుంట పడలేదు. వచ్చే రక్త పరీక్ష సంక్రాంతి వెళ్లాక.